పాత కాగితాల స్కానింగ్ సర్వీస్: ఫొటోలకి ఫుల్ మార్కులు, పేర్లు పెట్టడానికి పాస్ మార్కులు కూడా ఇవ్వను

నెల్లూరులో మా చరిత్ర సంఘం కాగితాలు స్కాన్ చేయించి నెట్లో పెట్టామని తెలిసిన దగ్గర్నుంచి రోజుకొకరు ఫోన్ చేసి ఎవరికిచ్చారు ఎంతయింది ఎట్టా చేశారు అని అడుగుతున్నారు, అందరికీ ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా. షాపు పేరు మాత్రం రాయను. ఇందులో తిట్లున్నాయి, మెచ్చుకోళ్ళూ ఉన్నాయి, ఆఖరికి పని పూర్తి చేసే ఇచ్చారు కాబట్టి పేరు పెట్టి రచ్చ చేయడం నాకిష్టం లేదు. స్టార్లు కావాలంటే అయిదుకి మూడు వేసుకోండి. ఆ మూడింట్లో రెండు అక్కడ మిషన్ మీద కూర్చునే ఆపరేటర్ పాపవి, ఓనర్ వి కాదు.

అసలు ఇదంతా ఎందుకొచ్చిందంటే 2021 నవంబర్ లో పెన్నా పొంగింది కదా, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్ళు ఆగిపోయినప్పుడు. మా సంఘానికి సొంత బిల్డింగ్ లేదు, రిటైరైన ఒక అయ్యవారి ఇంట్లో కింద గదే ఆఫీసు, అదే బీరువా, అదే మీటింగ్ హాలు. ఆ గదిలోకి మోకాలెత్తు నీళ్ళొచ్చాయి. పై వరస పెట్టెలు బతికాయి, కింద వరసలో రెండు ట్రంకు పెట్టెలు మునిగినాయి. ఆ కాగితాల్ని వారం రోజులు ఫ్యాన్ల కింద పరిచి, మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి మారుస్తా కూర్చున్నాం. ఎండలో వేస్తే త్వరగా ఆరతాయి గదా అని ఒకాయన రెండు రిజిస్టర్లు మిద్దె మీద పెట్టాడు, అవి అప్పడాల్లాగా వంకర్లు తిరిగి ఇప్పటికీ మూసుకోవట్లేదు. ఆ వారంలోనే అయ్యవారు అన్నారు, "ఇంకొక్క వరదొస్తే మన దగ్గర చెప్పుకోడానికేమీ మిగలదు సామీ, ముందు ఫొటోలన్నా తీయించండి" అని. అన్నది 2021లో, మేం చందాలు పోగేసి కదిలింది మాత్రం ఏడాదిన్నర తర్వాత, అదీ మా సంఘం స్పీడు.

ఏమేం ఉన్నాయంటే, సంఘం మినిట్స్ బుక్కులు, పాత కరపత్రాలు, శాసనాల మీద కాగితం అద్ది సిరాతో తీసిన అచ్చులు ఒక నలభై, ఫొటోలు, ఉత్తరాలు, ఇంకా కరణం లెక్కలు. ఈ కరణం లెక్కలే మా అసలు ఆస్తి. 1984లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారు కరణం మునసబు ఉద్యోగాలు తీసేసినప్పుడు ఎన్నో ఊళ్ళల్లో పాత దస్త్రాలు వాళ్ళ ఇళ్ళల్లోనే అటకల మీద ఉండిపోయినాయి, తర్వాత పిల్లలు ఇల్లు పడగొట్టేటప్పుడు తూకానికి వేయబోతుంటే మావాళ్ళు బతిమాలి తెచ్చుకున్నవి ఇవి. ఉదయగిరి వైపువి, కందుకూరు వైపువి, ఒంగోలు చుట్టుపక్కలవి కూడా కొన్ని.

ముందు నలుగురి దగ్గర రేట్లు అడిగాం. జెరాక్స్ షాపు వాళ్ళు రూపాయికే చేస్తామన్నారు గానీ వాళ్ళది కాగితాల కట్ట పెడితే ఒక్కొక్కటీ లోపలికి లాక్కునే మిషన్, మా కాగితాలు ముట్టుకుంటేనే అంచులు రాలతాయి, దాంట్లో వేస్తే అటుపక్క పొడి వస్తది. ఇంకొకాయన ఫోన్ తో తీసిస్తానన్నాడు. చివరికి ఈ షాపుకి కుదుర్చుకున్నాం, వీళ్ళ దగ్గర పైన కెమెరా కింద పుస్తకం పెట్టుకునే తొట్టి ఉండే స్కానర్ ఉంది, పుస్తకాన్ని పూర్తిగా విరిచి పడుకోబెట్టక్కర్లేదు, సగం తెరిస్తే చాలు. పేజీకి రెండున్నర, పెద్ద షీట్లకి ఒక్కోటి అరవై. మొత్తం 6,200 పేజీలు, 40 పెద్ద షీట్లు, కలిపి 17,900, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 21,122 కట్టాం. రేటు దగ్గర నాకేం కంప్లైంట్ లేదు, న్యాయంగానే ఉంది.

మొదటి రోజే గొడవ. ఓనర్ గారు మా రిజిస్టర్ ని అటూ ఇటూ తిప్పి చూసి, "బైండింగ్ కోసేస్తే ఫాస్ట్ గా అయిపోద్ది సార్, తర్వాత మేమే నీట్ గా స్పైరల్ వేసిస్తాం" అన్నాడు. వందేళ్ళ నాటి తోలు అట్ట రిజిస్టర్ కి స్పైరల్! మా అయ్యవారికి నోట మాట రాలేదు, ఆ రిజిస్టర్ ని చంటిబిడ్డని తీసుకున్నట్టు ఆయన చేతుల్లోంచి తీసేసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కోయకుండానే చేస్తామని కాగితం మీద రాయించుకున్నాకే పెట్టెలు దించాం. మీరూ రాయించుకోండి.

మొదటి విడతగా ఒక 800 పేజీలు చేసి పెన్ డ్రైవ్ లో ఇచ్చారు. ఇంటికెళ్ళి తెరిస్తే అన్నీ పీడీఎఫ్ లు, అన్నీ బ్లాక్ అండ్ వైట్, తెల్లగా మెరిసిపోతున్నాయి, పెళ్ళి పత్రికల్లాగా. "క్లీన్ చేసిచ్చాం సార్, మరకలన్నీ పోయినాయి" అని గర్వంగా చెప్పారు. మరకలతో పాటు ఏం పోయిందో అసలు రిజిస్టర్ పక్కన పెట్టుకుని చూస్తే అర్థమైంది. ఒక పేజీలో కరణం గారు నల్ల సిరాతో పేరూ విస్తీర్ణమూ రాసుకుంటూ పోయాడు, దాని పక్కన అంచులో పెన్సిల్ తో చిన్నగా "చెరువు తెగినది, వజా ఇవ్వవలెను" అని రాసుకున్నాడు, కింద పై అధికారి వంకాయ రంగు స్టాంపు. స్కాన్ లో పెన్సిల్ రాత మాయం, స్టాంపు మాయం. అంటే ఆ ఏడు చెరువు తెగి పంట పోతే శిస్తు తగ్గించమని అడిగిన సంగతే పోయింది, ఉత్త పేర్లూ ఎకరాలూ మిగిలినాయి. మరక అనుకుని తీసేసిందే మాకు కావాల్సింది.

మళ్ళీ చేయించాం. ఈసారి కలర్ లో, 300 డీపీఐకి (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) తగ్గకుండా, ఏ ఫిల్టరూ వేయకుండా, టిఫ్ లో, అంటే బొమ్మలో ఏదీ పోకుండా దాచే ఫైలు రకంలో. ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, ఎందుకంటే ఇది తెలియక మేం మొదట మోసపోయాం. ఏ4 పేజీ 300 డీపీఐ అంటే 2480 బై 3508 పిక్సెల్స్, కలర్ లో కుదించకుండా దాచితే ఒక్కో పేజీ 26 ఎంబీ దాకా వస్తది, 400 డీపీఐ అంటే 46 ఎంబీ. మా 6,200 పేజీలకి 300 లెక్కనే 160 జీబీ. మొదట వాళ్ళిచ్చిన పెన్ డ్రైవ్ 16 జీబీది, అప్పుడే అనుమానం రావాల్సింది. ఇప్పుడు టిఫ్ లు రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి అయ్యవారింట్లో, ఇంకోటి ఒంగోల్లో ఒక మెంబర్ గారింట్లో. రెండూ ఒకే బీరువాలో పెడితే ఒకటి ఉన్నట్టే లెక్క, వరద చూసినోళ్ళకి ఆ సంగతి చెప్పక్కర్లేదు. జనం చూడ్డానికి మాత్రం చిన్న సైజు జేపెగ్ లూ పీడీఎఫ్ లూ వేరే చేయించాం.

రెండోసారి క్వాలిటీ నిజంగా సూపర్. శాసనాల అచ్చులైతే స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే అచ్చు మీద కంటే బాగా కనపడుతున్నాయి, రాయి పగులు ఏది అక్షరం గీత ఏది అని తేడా తెలుస్తోంది. ఆపరేటర్ పాప గురించి చెప్పాలి ఇక్కడ. చేతులు కడుక్కుని తుడుచుకుని గానీ కాగితం ముట్టదు, పేజీ కింద ఒక అట్ట ముక్క జొనిపి తిప్పుద్ది, రామబాణం పురుగు తినేసిన పేజీల వెనకాల నల్ల కాగితం పెట్టి తీసింది, లేకపోతే చిల్లుల్లోంచి వెనక పేజీ అక్షరాలు కనపడి కలగాపులగం అవుతాయంట, అది తనంతట తానే కనిపెట్టింది. మావాళ్ళు తెల్ల గ్లోవ్స్ కొనిస్తామంటే "వద్దు సార్, గ్లోవ్స్ తో అంచు తెలీదు, చిరిగిపోతాది" అనింది. ఆ మాట కరెక్టే, గ్లోవ్స్ పాత ఫొటోలు పట్టుకోడానికి మాత్రమే, కాగితానికి శుభ్రమైన పొడి చెయ్యే మంచిది.

ఇప్పుడు అసలు ఏడుపు. స్కాన్ చేసిన ఫైళ్ళకి పేర్లు పెట్టి ఒక ఎక్సెల్ షీట్ కట్టివ్వడం కూడా రేట్లోనే కలిపామని చెప్పారు, మేమూ సంబరపడ్డాం. షీట్ వచ్చింది. సంవత్సరం వారీగా సార్ట్ చేస్తే మొట్టమొదట ఉన్న కాగితం 1334వ సంవత్సరానిది. మా అయ్యవారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసుకున్నారు. 1334 అంటే ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం చేస్తున్న రోజులు, అప్పుడు కందుకూరు తాలూకాలో ఒక కరణం గారు గీతలు కొట్టిన కాగితం మీద అడంగల్ (ఏ పొలం ఎవరిది, ఏ పంట అనే ఊరి లెక్క) రాసుకున్నాడన్నమాట! తీరా చూస్తే అది ఫసలీ 1334, అంటే శిస్తు లెక్కలకి వాడే రెవెన్యూ సంవత్సరం. ఫసలీకి 590 కలుపుకోవాలి, అంటే 1924 జులై నుంచి 1925 జూన్ దాకా. అట్ట మీద పెద్దక్షరాలతో "రక్తాక్షి నామ సంవత్సరం" అని కూడా ఉంది, అదీ 1924తో సరిపోతుంది. మరి ఆ రక్తాక్షిని షీట్లో ఏం చేశారయ్యా అని చూస్తే రచయిత అనే కాలమ్ లో పెట్టారు. రచయిత: రక్తాక్షి. అట్టా పదమూడు రిజిస్టర్లు. ప్రభవ గారు రెండు, దుందుభి గారు ఒకటి రాశారంట, మా జిల్లాలో ఇంతమంది రచయితలున్నారని మాకే తెలీదు.

జిల్లా కాలమ్ ఇంకో కథ. కందుకూరు కాగితాలన్నిటికీ ప్రకాశం అని కొట్టేశారు. ఆ కాగితాలు రాసినప్పుడు ప్రకాశం జిల్లాయే లేదు, 1970లో ఒంగోలు జిల్లా అని ఏర్పడింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. అప్పటిదాకా కందుకూరు నెల్లూరుదే, 2022 ఏప్రిల్లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఒంగోలైతే ఇంకా తమాషా, 1904లో గుంటూరు జిల్లా పెట్టేదాకా నెల్లూరు జిల్లాలో ఉంది, తర్వాత గుంటూరు, తర్వాత ప్రకాశం. ఊరు కదల్లేదు, జిల్లాలే దాని మీద నుంచి నడిచిపోతున్నాయి. ఇప్పుడు మేం మూడు కాలమ్స్ పెట్టుకున్నాం, ఊరి పేరు, కాగితంలో ఉన్న తాలూకా జిల్లా, ఇప్పటి మండలం. జిల్లాలు మళ్ళీ మార్చినా ఆఖరి కాలమ్ ఒక్కటి దిద్దుకుంటే సరిపోతుంది.

ఊరి పేర్ల స్పెల్లింగ్ కూడా. 1921 ఏప్రిల్ 7న గాంధీ గారొచ్చి ఆశ్రమం ప్రారంభించిన ఊరుంది కదా, మా కాగితాల్లో సగం చోట్ల పల్లెపాడు అని, సగం చోట్ల పల్లిపాడు అని ఉంది. ఉన్నది ఉన్నట్టు కొడితే ఒకటి వెతికినోడికి రెండోది దొరకదు. కాగితంలో ఉన్నది ఒక కాలమ్ లో, మేం ఒప్పుకున్న స్పెల్లింగ్ ఒక కాలమ్ లో పెట్టాల్సి వచ్చింది. ఇదంతా షాపు వాళ్ళకి తెలియాలని నేననను, కానీ తెలియనప్పుడు "మెటాడేటా (ఫైళ్ళ వివరాల షీట్) ఫ్రీ" అని చెప్పకూడదు. ఫ్రీగా వచ్చిన ఆ షీట్ ని దిద్దడానికి మా నలుగురికి మూడు నెలలు పట్టింది.

అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ కి పేజీకి ఇంకో రూపాయి అన్నారు, వద్దన్నాం, మంచి పని చేశాం. అచ్చు కాగితాలకైతే గూగుల్ డ్రైవ్ లో వేసుకున్నా తెలుగు బానే చదువుద్ది, ఒత్తుల దగ్గరా అరసున్నల దగ్గరా తడబడుద్ది, దిద్దుకోవచ్చు. కరణం గారి గొలుసుకట్టు రాత దగ్గర మాత్రం ఏ సాఫ్ట్ వేరూ పనికి రాలేదు, కలం ఎత్తకుండా లైను లైనంతా ఒకటే తీగ, దానికి తోడు అణాలకీ కుంచాలకీ వేరే గుర్తులు. చదవగలిగినోళ్ళు మా సంఘంలో ఇద్దరే, ఇద్దరికీ డెబ్భై అయిదు దాటాయి. ఆ పాప మధ్యాహ్నం లంచ్ టైంలో అయ్యవారి పక్కన కూర్చుని ఆ రాత నేర్చుకోవడం మొదలెట్టింది, ఆఖరి విడతకల్లా ఫసలీ ఎక్కడుంటదో తనే చూసి ఫైలు పేరులో పెట్టేసింది. ఓనర్ గారు దాన్ని చూసి "టైం వేస్ట్" అన్నాడంట. అందుకే స్టార్లు అట్టా పంచాను.

ఇంకో రెండు తిట్లు. జనం కోసం చేసిన జేపెగ్ ల మీద ప్రతి పేజీకీ అడ్డంగా షాపు పేరూ ఫోన్ నంబరూ వాటర్ మార్క్ కొట్టిచ్చారు. శాసనం అచ్చు మధ్యలో పది అంకెలు! వెయ్యేళ్ళ తర్వాత ఎవడన్నా చూస్తే రాజు గారి నంబర్ అనుకుంటాడు. తీయించడానికి మూడుసార్లు తిరిగాం. రెండోది ఫొటోల వెనకవైపు స్కాన్ చేయకపోవడం. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం నాటి ఫొటోలు మా దగ్గర పదకొండు ఉన్నాయి, ఒక దాంట్లో ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని సారా అంగడి ముందు వరసగా నిలబడి ఉంటారు, వెనక పెన్సిల్ తో ఎవరో ఓపిగ్గా ఎడమ నుంచి కుడికి పేర్లన్నీ రాసిపెట్టారు. ముందువైపే తీసి ఇచ్చారు. "వెనకేముంది సార్, తెల్లగానే ఉంది గదా" అన్నారు. మళ్ళీ తీయించాం, దీనికి ఎక్స్ ట్రా అడగలేదు, అంతవరకు మంచిదే.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. బట్టర్ వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు 1905లో వేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడూ మా పెట్టెలో ఉన్నాయి, బాస్వెల్ 1873లో రాసిన జిల్లా మాన్యువల్ జెరాక్స్ కూడా ఉంది, అవి కూడా ఇచ్చేశాం. అవన్నీ ఎప్పటినుంచో ఇంటర్నెట్ ఆర్కైవ్ లో ఫ్రీగా ఉన్నాయి. ముందు వెతుక్కోకుండా పేజీకి రెండున్నర చొప్పున పోశాం. ప్రపంచంలో ఎక్కడా ఇంకో కాపీ లేనివి ముందు చేయించాలి, మాకు ఆ బుద్ధి బిల్లు చూశాక వచ్చింది.

పబ్లిక్ కి పెట్టడం మేమే చేసుకున్నాం, ఇంటర్నెట్ ఆర్కైవ్ లో ఎక్కించడానికి డబ్బులేం అక్కర్లేదు. కాకపోతే అన్నీ పెట్టలేదు. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటది, అందుకని సంఘం సంచికల్లో ఈమధ్య పోయినవాళ్ళ వ్యాసాలకి వాళ్ళ పిల్లల్ని అడిగి ఉత్తరం తీసుకున్నాం, ఇవ్వనివాళ్ళవి ఆపాం. భూముల కాగితాల్లో పాతవి పెట్టాం, కొత్తవి ఆపాం. పెట్టిన వారానికే ఒకాయన ఫోన్ చేసి ఫలానా సర్వే నంబర్ మీ రిజిస్టర్ లో ఎవరి పేరు మీదుందో సర్టిఫికెట్ ఇవ్వండి, కోర్టులో వేసుకోవాలి అన్నాడు. మేం ఎమ్మార్వో ఆఫీసు కాదు నాయనా అని చెప్పడానికి అరగంట పట్టింది.

ఇంకో ఫోన్ కలిగిరి వైపు నుంచి వచ్చింది, కుర్రోడు. ఆ సారా అంగడి ఫొటో చూశాడంట. "అన్నా, మీరు రాసిన వరస తప్పు. మూడో ఆమె మా అవ్వ కాదు, నాలుగో ఆమె మా అవ్వ. మూడో ఆమె మా అవ్వకి చెల్లెలు వరస, ఆమె ఇప్పటికీ ఉంది, అడిగి చెప్పమంటారా" అన్నాడు. వెనకాల పెన్సిల్ రాసినోళ్ళే ఒక పేరు అటూ ఇటూ చేశారు. పెన్సిల్ రాతని అట్టాగే ఉంచి కింద "కుటుంబం వారు చెప్పిన ప్రకారం" అని ఇంకో లైను కలిపాం. ఆదివారం ఆ పెద్దామెని చూడ్డానికి పోతున్నాం, ఫొటో పెద్ద సైజులో ప్రింట్ తీయించమని షాపుకిచ్చాను, ఈసారి వాటర్ మార్క్ లేకుండా అని రెండుసార్లు చెప్పి.

ఇంకా తొమ్మిది పెట్టెలున్నాయి. వాటిని కూడా వీళ్ళకే ఇస్తాం, ఆ పాప అక్కడున్నంత కాలం. షీట్ మాత్రం మేమే కట్టుకుంటాం, ఓనర్ తో ఆ మాట ముందే అనేశాం. పెట్టెలన్నీ పై అంతస్తుకి ఎక్కించేశాం, నవంబర్ లోపలే.